అరవై ఎనిమిది పండ్ల డిస్కు

పాశమైలారం చుట్టుపక్కల ప్రతి కంపెనీకీ రెండు పేర్లుంటాయి. గేటు మీద ఇంగ్లీషులో రాసుకున్నది ఒకటి, ఊళ్లవాళ్లు ముక్కుతో పెట్టింది ఇంకొకటి. మా వాగు పక్కనున్నదాని పేరు కుళ్లిన ఉల్లిగడ్డ. అందులో పనిచేసేవాళ్లు కూడా "ఉల్లిగడ్డల పన్జేస్తున్న" అనే చెప్తారు, పిల్లనిచ్చేవాళ్లు అడిగినా సరే.

ఉల్లిగడ్డకూ పెద్దరాములుకూ తొమ్మిదేళ్ల పంచాయితీ. వాగొడ్డున ఆయనకు ఆరెకరాలుంది. మొదట వాగునీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి. తర్వాత ఆయన బోరు తిరిగింది. ఆ పైన నాటిన వరి పదో రోజుకే గడ్డివాము రంగుకు తిరిగింది. ఆయన దరఖాస్తు పెట్టాడు. తాము బొట్టు నీళ్లు కూడా బయటికి వదల్లేదని కంపెనీ జవాబిచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే జవాబు. ఇట్లా ముప్పై నాలుగు దరఖాస్తులు. మొదట్లోవి ఆయన చేతిరాత, చివరి పది కోడలు కౌసల్య ఇంట్లో కంప్యూటర్ మీద కొట్టినవి. జవాబు మారలేదు గానీ అక్షరాలు మాత్రం చూడముచ్చటగా తయారయ్యాయి.

రెండువేల నాలుగు ఎండాకాలంలో ఎట్టకేలకు సంగారెడ్డిలో విచారణ అన్నారు, మంగళవారం నాడు. పిలుపు కాగితంలో ఒక మాట తేటతెల్లంగా ఉంది: ఏ తేదీన ఎక్కడికి నీళ్లు వదిలారో రుజువు తెస్తే ఫైలు కదులుతుంది, తేకపోతే ఫైలు మూస్తారు. మూస్తే ఇక ఆరెకరాల మాట ఎత్తే చోటు లేదు. రుజువంటే వాళ్ల దగ్గరున్నవి వాగు ఫోటోలు. స్టూడియో అతన్ని బతిమాలి, తేదీ పడేట్టు తీయించి, కౌసల్య వాటిని కంప్యూటర్లో దాచింది.

శనివారం మధ్యాహ్నం కరెంటు ఒకసారి పెరిగి తగ్గి మళ్లీ పెరిగింది. కంప్యూటర్ లోపల బల్లి పలికినట్టు టక్కుటక్కుమంది. హార్డ్‌డిస్కు పోయింది.

కౌసల్య మొగుడు యాదగిరికి బొల్లారంలో ఉద్యోగం, ఆ వారమంతా డబుల్ డ్యూటీ. "నువ్వు కోర్సు జేసినదానివి, నువ్వే పోయి ఒకటి కొనుక్కరా" అని కంపెనీ బస్సెక్కాడు. ఆ మాట పెద్దరాములు చెవిన పడింది.

"కోర్సు వేరు, ఎంచుడు వేరు" అన్నాడాయన. "సదాశివపేట అంగడిల నోరు తెరిచి పండ్లు లెక్కవెట్టి పదకొండు జతల ఎడ్లు కొన్న. ఒక్కటన్న కుంటిది తెచ్చిన్నా అడుగు. ఈ ఇంట్ల పనిజేసే దేన్నైనా ఎంచింది నేనే."

"అవును, నన్ను గూడ పండ్లు సూసే తెచ్చుకున్నడు" అంది దేవమ్మ పొయ్యి దగ్గర్నుంచి. ఆమె ఆయన పెళ్లాం. నలభై ఏళ్లుగా ఆ ఇంటి పని మోసింది కాబట్టి ఎంపికలో తప్పులేదని ఒప్పుకోవలసిందే.

సోమవారం మామా కోడలూ పటాన్‌చెరులో మొహియుద్దీన్ దుకాణానికి వెళ్లారు. మొహియుద్దీన్ మొదట రేడియోలు బాగుచేసేవాడు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. కంపెనీలు పాత సామాను వేలం వేస్తే గంపగుత్తగా తెచ్చి, పనికొచ్చేది ఏరి అమ్ముతాడు. చచ్చిన డిస్కును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"ఇది ఖతం చెల్లె. అండ్ల ఫోటోలు గిట్ల ఉంటె ఇగ అల్లాకే ఎరుక."

కౌసల్య ముఖం నల్లబడింది. రేపే విచారణ. కనీసం దరఖాస్తన్నా తిరిగి కొట్టాలి. కొత్త డిస్కు చూపించమంది. మొహియుద్దీన్ గుడ్డ పరిచి మూడు తెచ్చిపెట్టాడు.

"ఇది పట్టీ వైరుది, నలభై జీబీ. మీ మిషిన్ల ఉన్నదున్నట్టు కూసుంటది. ఇది కొత్త రకం, సన్న వైరుది, ఎనభై జీబీ. మంచిదే గని దీనికి మీ బోర్డు మార్చాలె. ఇగ ఇది స్కజీ. కంపెనీల పెద్ద మిషిన్లల్ల ఏస్తరు, నాలుగేండ్లు నడిచింది. ఇంటికి అక్కెరలేదు పటేలా, ఊకె చూపిస్తున్న."

ఊకె చూపిస్తున్నానన్నాడు. అక్కడే పెద్దరాములు చెవులు నిక్కబొడుచుకున్నాయి. అంగడిలో ఏ బేరగాడైనా మంచి గిత్తను బండి వెనుక కట్టేసి "అది అమ్మేది కాదు" అంటాడు. అమ్మేది కాదన్నదాన్నే కొనుక్కు రావడం ఆయన జీవితమంతా చేసిన పని.

అయినా తొందరపడలేదు. పద్ధతి ప్రకారం వెళ్లాడు. ముందు సన్న వైరుదాన్ని తిప్పి, వైరు తగిలించే చోటు చూశాడు. అక్కడ చదునుగా ఉంది.

"దీనికి పండ్లేవి?"

"అది గట్లనే ఉంటది మామా" అంది కౌసల్య. "కొత్త రకం."

"కొత్తదని పండ్లు రాకుంటె ఎట్లనే. బోసినోటిదాన్ని తోలుకపోతె ఊళ్లె నగుతరు."

పట్టీ వైరుదాన్ని తీశాడు. దీనికి రెండు వరసల్లో సూదుల్లాంటి ముళ్లున్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని, చిటికెనవేలి గోరుతో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి.

"ముప్పై తొమ్మిది. నడుమ ఒకటి ఊడింది."

"ఊడలే పటేలా" అన్నాడు మొహియుద్దీన్. "తయారైనకాడనే ఒకటి తక్కువ పెడ్తరు, వైరు ఉల్టా తగిలియ్యకుంట."

"అమ్మేటోడు గట్లనే అంటడు మొహియుద్దీన్ భాయ్. పుట్టుకతోనే లేదంటడు."

చివరికి స్కజీని చేతిలోకి తీసుకున్నాడు. చెయ్యి కిందికి దిగింది. ఆ బరువుకే ఆయన సగం పడిపోయాడు. పండ్లు లెక్కపెట్టాడు. అరవై ఎనిమిది, ఒక్కటి ఊడలేదు, ఒక్కటి వంగలేదు. నోరు నిండిన ఎద్దు.

"ఎంత ఉరుకుతది?"

"గిదా? నిమిషానికి పదివేల చుట్లు."

"కడమ రెండు?"

"ఏడువేల చిల్లర."

పెద్దరాములు కోడలి వైపు చూశాడు. ఆ చూపులో కోర్సు మీద జాలి ఉంది.

"మామా, అది నాలుగేండ్లు కంపెనీల నడిచి వచ్చింది" అంది కౌసల్య. "పద్దెనిమిది జీబీయే. ఉడుకు పుడ్తది, లొల్లి జేస్తది. దానికి ఏరే కార్డు పెట్టాలె. పట్టీ వైరుది మనకు సరిగ్గ సరిపోతది."

"కాడి మోసిన ఎద్దుకే కాడి తెలుస్తది. లేగదూడను తెచ్చి నాగలి కడ్తవా? మొహియుద్దీన్ భాయ్, కట్టి చూపియ్యి."

కట్టి చూపించక తప్పలేదు. మొహియుద్దీన్ కార్డు గుచ్చి, స్కజీని దుకాణం మిషిన్‌కు తగిలించి కరెంటిచ్చాడు. అది మొదట మూలిగింది, తర్వాత గేరు పడని లారీలా అరిచింది. బెంచీ మీద కూర్చున్న పోచయ్య ఉలిక్కిపడి లేచాడు. పోచయ్య ఉల్లిగడ్డ కంపెనీలోనే గేటు కాపలా, టేప్‌రికార్డర్ బాగుచేయించుకుందామని వచ్చాడు.

"గొంతు సూడు" అన్నాడు పెద్దరాములు అతనితో. పోచయ్య తలూపాడు. అతను గేటు దగ్గర అందరికీ తలూపే మనిషే.

తెర మీద పాత ఫైళ్లు వరుసగా వచ్చాయి.

"ఇంక తుడువలే" అన్నాడు మొహియుద్దీన్. "ఉల్లిగడ్డోళ్ల ల్యాబుది. పోయిన నెల వేలంల అసొంటియి తొమ్మిది తెచ్చిన. గీ కంపెనీలోళ్లు అమ్మేటప్పుడు లోపల ఏమున్నదో కూడ సూస్కోరు."

కౌసల్య ఊరికే ఒక ఫైలు తెరిచింది. గళ్లు గళ్లుగా పట్టిక. తేదీ, టైము, ఎన్ని వేల లీటర్లు, ఆమ్లం ఎంత, చివరి గడిలో ఎక్కడికి వదిలారో. చివరి గడి నిండా కిందిదాకా ఒకటే మాట: వాగు, వాగు, వాగు. అడుగున రాసినవాడి పేరు. మూడేళ్ల లెక్క, ఆదివారాలు కూడా వదలకుండా.

ఆమె పైనుంచి ఇంకోసారి చదివింది. తొమ్మిదేళ్లు దరఖాస్తుల్లో అడిగింది ఇదే. మామకు చెబుదామని తల తిప్పింది. ఆయన పక్కనే పోచయ్య తలూపుతూ కనిపించాడు. పోచయ్య లేకపోయినా మామ నోటి సంగతి ఆమెకు తెలుసు. ఇంట్లో పొద్దున పుట్టిన మాట మధ్యాహ్నానికి కల్లు కాంపౌండులో ముసలిదైపోతుంది. ఆమె ఫైలు మూసేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మామా, మీరు చెప్పిందే రైటు. గిదే కొందాం."

పెద్దరాములు మీసం మీదికి చెయ్యి పోయింది. మొహియుద్దీన్ మాత్రం ఆశ్చర్యపోయి చూశాడు.

"అన్నా, జెర అండ్ల ఉన్నదంత ఒక సీడీల ఏసియ్యవా" అంది కౌసల్య మెల్లగా. అతను సీడీ చేతిలోకి తీసుకున్నాడో లేదో మధ్యాహ్నం రెండింటి కరెంటు కోత మొదలైంది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది, స్కజీ ఊళ వేసి పడుకుంది. మళ్లీ ఆరింటికే కరెంటు. ఆరు దాకా కూర్చుంటే ఇంటి దగ్గర నీళ్ల ట్యాంకరు తప్పిపోతుంది. కార్డూ వైరూ సంచిలో వేసి, ఇంటి దగ్గర ఆరింటికి తనే బిగించుకుంటానని కౌసల్య లేచింది.

తిరుగు ఆటోలో పోచయ్య కూడా ఎక్కాడు. ముత్తంగి దాటేలోపు పెద్దరాములు మూడు డిస్కుల జాతకాలూ చెప్పేశాడు.

"మీ కంపెనీ ల్యాబుదే. నా కోడలు మొదట వద్దే వద్దన్నది. తెర మీద ఏందో సదివింది, అంతే, కిక్కురుమనలే, గిదే కావాలె మామా అన్నది."

"గట్లనా" అన్నాడు పోచయ్య. ఈసారి తలూపలేదు.

"మామా, దుమ్ము వస్తున్నది, తువ్వాల అడ్డం పెట్టుకోండ్రి" అంది కౌసల్య. ఆయన తువ్వాల అడ్డం పెట్టుకుని మరీ చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి ట్యాంకరు హారన్ వినిపించింది. ఊరి బోర్లు పాడయ్యాక తాగే నీళ్లు ట్యాంకరులోనే వస్తాయి. కంపెనీయే పంపుతుంది. నీళ్లు పాడుచేయలేదు గానీ పుణ్యానికి పంపుతుందట. వరుస తప్పితే రేపటిదాకా గొంతు తడిసేది ఉండదు. కౌసల్య సంచిని దూలానికున్న కొక్కేనికి తగిలించి, "అత్తా, దాన్ని ఎవ్వలు ముట్టొద్దు" అని రెండు బిందెలతో పరుగెత్తింది.

ఎవ్వలు అన్నదాంట్లో తానున్నానని పెద్దరాములు అనుకోలేదు. ఇంటి యజమానిని కలుపుకుని ఎవ్వలు అనరు కదా.

పక్కింటి లింగం చూడటానికొచ్చాడు. లింగానికి చూపించాలంటే సంచి దించాలి. దించాక లింగం వేలితో గీసి చూశాడు. నాలుగేళ్ల కంపెనీ జిడ్డూ నల్లదుమ్మూ గోరుకంటింది.

"గిట్లనే ఇంట్లకు తెచ్చినవా పటేలా?"

ఆ మాట తగిలింది. కొత్త ఎద్దును అంగడి దుమ్ముతోనే కొట్టంలో కట్టేసే ఇల్లు కాదది. వాకిట్లో నిలబెట్టి, ఒళ్లు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, దిష్టి తీసి లోపలికి తోలాలి. పరాయి ఇంటి పీడ పరాయి ఇంటికే పోవాలి. పదకొండు జతలూ అట్లానే లోపలికొచ్చాయి.

"ఏమే, చెంబుతోని నీళ్లు తే."

దేవమ్మ సందేహించింది. "కరంటు సామాన్ల నీళ్లు పోయొచ్చునా?"

"బోరు మోటరు యాడుంటదే? రెండు వందల ఫీట్ల లోపట, నీళ్లల్లనే. కరంటు గూడ అండ్లనే. ఏండ్లకేండ్లు ఉంటది. ఇది దానికంటె సుకుమారమా? ఇప్పుడు కరంటు గూడ లేకపాయె."

లింగం అరుగు మీద చోటు చేశాడు. తాగే నీళ్లు కడగడానికి వాడరు కాబట్టి దేవమ్మ తొట్టిలోంచి బోరు నీళ్లు తెచ్చింది. మూడు చెంబులు. పెద్దరాములు స్కజీని అరుగు మీద నిలబెట్టి, పీచుతో పండ్ల సందులన్నీ తోమాడు. కింది వైపున్న పచ్చ పలకను మరీ శ్రద్ధగా తోమాడు, జిడ్డంతా అక్కడే ఉందని. దేవమ్మ బొట్లు పెట్టింది. నిమ్మకాయ కోశారు. తర్వాత దాన్ని ఎండలో మంచం మీద, ఎండుమిరపకాయల పక్కన ఆరబెట్టారు.

కౌసల్య రెండు బిందెలతో వచ్చి మంచం వైపు చూసింది. ఒక బిందె దానంతటదే కిందికి జారింది.

"మంచిగ అయింది సూడు" అన్నాడు పెద్దరాములు.

అప్పుడు చెప్పింది, ఏముందో దాంట్లో. తేదీలు, లీటర్లు, చివరి గడిలో వాగు. మూడేళ్లు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే ఆయనకు తేలికయ్యేది.

పెద్దరాములు చాలాసేపు మిరపకాయలు సర్దాడు. "మోటరు నీళ్లల్లనే ఉంటది గదా" అన్నాడు చివరికి, ఈసారి అడుగుతున్నట్టుగా.

"మోటరుకు పై నుంచి కింది దాకా మూత ఉంటది మామా. దీని పలక బట్టలేకుంట ఉన్నది. పైంగ అవి మంచి నీళ్లు గావు, మన బోరు నీళ్లు."

ఆరింటికి కరెంటు వచ్చింది. అప్పటికే పండ్ల మొదళ్లలో పచ్చగా పాచిలాంటిది పట్టింది. ఆమె తుడిచి, గాలి ఊది, బిగించింది. చిటుక్కుమని ఒక చప్పుడు, పసుపు కాలిన వాసన, సన్నని పొగ. అంతే. పదివేల చుట్లలో ఒక్క చుట్టు తిరగలేదు.

మంగళవారం సంగారెడ్డిలో విచారణ గదికి కంపెనీ మేనేజరు టై కట్టుకుని వచ్చాడు. రాగానే కౌసల్య చేతి సంచి వైపే చూశాడు. ఏసీ లేని గది అనుకోండి, అయినా ఆ చెమట ఎండకు పట్టే చెమట కాదు.

"రుజువేమైనా ఉందా?" అని అధికారి అడిగాడు.

కౌసల్య స్కజీని బల్ల మీద పెట్టింది. మధ్యలో కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. పాచి పట్టిన పండ్లు చూడగానే మేనేజరు ముఖం విచ్చుకుంది, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇదేమిటి?"

"ఈ కంపెనీ ల్యాబు డిస్కు సార్. నీళ్లు వదిలిన లెక్కంతా అండ్ల ఉండె. నేను కండ్లార సదివిన."

"ఇప్పుడు లేదా?"

కౌసల్య మామ వైపు చూసింది. ఆయన లేచి నిలబడ్డాడు. "కడిగినం సార్."

"ఎందుకు?"

"ఇంట్లకు కొత్తగ వచ్చిందని."

అధికారి ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. ఫైలు కదిలింది. తొమ్మిదేళ్లలో అది కదలడం అదే మొదటిసారి.

"మా కంపెనీలో అలాంటి రికార్డులే లేవు సార్" అన్నాడు మేనేజరు మృదువుగా. "ఉంటే చూపించమనండి."

"సార్" అంది కౌసల్య, "మా బోరు నీళ్లు మూడు చెంబులు పోసినం. ఇనుము, రాగి ఒక్క పూటల గిట్లయినయి. వరి ఎన్ని రోజులుంటదో మీరే రాసుకోండ్రి."

అధికారి పచ్చబారిన పండ్లను పెన్సిలుతో తాకి చూశాడు. ఒక్క క్షణం నవ్వు పోయింది. తర్వాత నియమం గుర్తొచ్చింది. "నీళ్లకు నీళ్ల రిపోర్టే కావాలమ్మా, ఇనుప ముక్క చెల్లదు. గుర్తింపు ఉన్న ల్యాబులో చేయించుకురా."

"దగ్గర్ల యాడున్నది సార్?"

ఆయన జాబితా తిరగేశాడు. పాశమైలారంలో ఒకటే ఉంది. మేనేజరు వినయంగా తల వంచాడు. అది ఉల్లిగడ్డదే.

కౌసల్య వాదించలేదు. వారం గడువు అడిగింది, ఇచ్చారు. బయటికి రాగానే మామను ఇంటి బస్సు ఎక్కనివ్వకుండా పటాన్‌చెరు బస్సెక్కించింది. మొహియుద్దీన్ తొమ్మిది తెచ్చానన్నాడు. ఒకటి కడుక్కున్నా ఇంకా ఎనిమిది ఉండాలి.

మొహియుద్దీన్ వాళ్లను చూసి స్టూలు లాగాడు.

"నీకోసమే అనుకుంటున్న పటేలా. పొద్దున నేను తాళం తీయకముందే కంపెనీ జీపు వచ్చి నిలవడ్డది. ఎనిమిదిటికి ఎనిమిది ఎత్తుకపోయిండ్రు. నేను నోటికొచ్చిన ధర చెప్పిన, మారు మాట్లాడలే. తొమ్మిదోది ఎవ్వలు కొన్నరని గూడ అడిగిండ్రు. పోచయ్య ఎంబడే ఉన్నడు, వాడే చెప్పిండు."

కౌసల్య స్టూలు మీద కూలబడింది. పెద్దరాములు మాత్రం కూర్చోలేదు. నిన్న సాయంత్రం నుంచి వంగి ఉన్న నడుం మెల్లగా నిటారైంది.

"ఎనిమిదిటికి ఎనిమిదా?"

"ఒక్కటి ఇడువలే."

"పట్టీ వైరుయి అడిగిండ్రా?"

"వాటి దిక్కు సూడలే."

"సూసినవా" అన్నాడు పెద్దరాములు కోడలితో. "వేలం ఏసి పారేసినోడే మళ్ల ఎగవడి కొన్నడంటె అది ఎసొంటి సరుకైతది."

"అవును మామా" అంది కౌసల్య. "జిల్లాల మీకు, ఉల్లిగడ్డ మేనేజరుకు తప్ప దాని ఇలువ ఎవ్వలికి తెల్వదు."

ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టు అందుకున్నాడు. కౌసల్య నలభై జీబీది తీసుకుంది. ముప్పై అయిదో దరఖాస్తు కొట్టడానికి అది చాలు.

బస్సులో పెద్దరాములుకు కిటికీ పక్కన సీటు దొరికింది, పక్కన రుద్రారం వెళ్లే తెలియని మనిషి దొరికాడు. బోసినోటిదానితో మొదలుపెట్టి, పన్ను ఊడినదాని మీదుగా, జీపు వచ్చి దుకాణం ముందు నిలబడేదాకా కథంతా చెప్పాడు. నీళ్లు పోసిన ముచ్చట దగ్గర కొంచెం జల్దీగా నడిచాడు. ఆ మనిషి ఆసక్తిగా విన్నాడు.

"మరి కేసేమాయె పెద్దాయనా?"

"కేసుకేమైతది" అన్నాడు పెద్దరాములు. "దాని తీరుగ అది పోతది. నేను జెప్పేది డిస్కు ముచ్చట."